గాలి ఆగితే తుపాను పోయినట్టేనా?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. ఇప్పుడు మన హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళలో చాలామంది అప్పటికి చంటిపిల్లలు. కొందరు పుట్టనే లేదు. మేము ఏడో తరగతి. దగ్గర ఊళ్ళవాళ్ళను వార్డెన్ గారు ముందురోజే ఇళ్ళకు పంపేశారు. దూరపు ఊళ్ళవాళ్ళం ఇరవై ఎనిమిది మందిమి మిగిలిపోయాం. శనివారం రాత్రి చుట్టుపక్కల గుడిసెలవాళ్ళు కూడా పిల్లాజెల్లాతో వచ్చి మన గదుల్లోనే తలదాచుకున్నారు.

తెల్లవారేసరికి గాలి మొదలైంది. పొద్దెక్కేకొద్దీ అది గాలిలా లేదు, ఏదో పెద్ద జంతువు గోడలు రుద్దుతున్నట్టుంది. డైనింగ్ హాలు రేకులు ఒకదాని వెంట ఒకటి లేచిపోయాయి. తలుపుకు బల్లలు అడ్డం పెట్టి, వాటికి వీపులు ఆనించి కూర్చున్నాం. కిటికీ సందులోంచి చూస్తే వాచ్‌మన్ తాత వరండా మూలన, గాలికి వీపు పెట్టి నిలబడి, ఎడమ చెయ్యి చాపి ఎవరికో ఏదో చూపిస్తున్నాడు. ఆ చెయ్యి సముద్రం వైపుంది. మాకేమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి పడిపోయింది. వాన ఆగింది. మబ్బు పలచబడి వెలుతురు కూడా వచ్చింది. అయిపోయిందని అరుచుకుంటూ అందరం బయటికి పరుగెత్తాం. గ్రౌండులో చెట్లన్నీ పోయినా వేపచెట్టు ఒక్కటీ నిలబడి ఉంది. దాని కింద పడిన కొమ్మలమీద ఎక్కి గెంతుతున్నాం.

“ఒరే, లోపలికి రండ్రా! సగమే అయ్యింది. ఇప్పుడు అటునుంచి కొడతాది” అని తాత కేకేశాడు. ఒక్కరమూ కదల్లేదు. చివరికి కర్ర పట్టుకుని తరుముకొచ్చి లోపలికి తోలాడు. తిట్టుకుంటూ వెళ్ళాం. ముప్పావుగంటో గంటో గడిచిందేమో, మళ్ళీ గాలి. ఈసారి సరిగ్గా ఎదురు దిక్కునుంచి. పొద్దున్నంతా తట్టుకున్న వేపచెట్టు ఆ రెండో గాలికి వేళ్ళతో సహా లేచి, మేము గెంతిన చోటే పడింది.

తాత బడి ముఖం చూసినవాడు కాదు. భీమిలి వైపు జాలరి కుటుంబం. వయసులో ఉన్నప్పుడు వేటకు వెళ్ళేవాడు. ఆయనకు తెలిసింది మా సోషల్ పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా ఉంది. ‘తుపాను కన్ను అనగానేమి?’ జవాబు మాకు నోటికి వచ్చు. వచ్చి కూడా బయట గెంతాం. అందుకే ఈ సంచికలో తుపాను గురించి, నోటికి కాకుండా మనసుకు పట్టేలా రాయాలనుకున్నాం.

ముందు మన వంటగదిలోకి రండి. అన్నం గుండిగ మూత తీసేటప్పుడు ఆవిరి చేతికి తగిలితే ఎలా చుర్రుమంటుందో వంటపని పంచుకున్నవాళ్ళందరికీ అనుభవమే. మరిగే నీటి చుక్క కంటే ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. కారణం ఏమిటంటే, నీరు ఆవిరి కావడానికి చాలా వేడి కావాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి ఒక్క కెలోరీ చాలు. అదే గ్రామును మన సముద్రపు వేడి దగ్గర ఆవిరి చెయ్యాలంటే దాదాపు 580 కెలోరీలు కావాలి. ఆ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరిలో దాగి ఉంటుంది. గుప్తోష్ణం అని పాఠాల్లో చదివింది ఇదే. ఆవిరి తిరిగి నీరయినప్పుడు ఆ వేడంతా బయటపడుతుంది. చెయ్యి కాలేది అందుకే. తుపాను పుట్టేదీ అందుకే.

అసలు తుపాను గాలితో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, నీటితో మొదలవుతుంది. ఎండలకు బాగా కాగిన సముద్రం నుంచి ఆవిరి లేస్తుంది. ఆ తడిగాలి తేలికగా ఉండి పైకి పోతుంది. పైన చల్లబడి మబ్బు అవుతుంది. అవుతూ తాను దాచుకున్న వేడిని చుట్టూ ఉన్న గాలికి ఇచ్చేస్తుంది. దాంతో ఆ గాలి ఇంకా వేడెక్కి ఇంకా పైకి పోతుంది. పైకి పోయినకొద్దీ కింద సముద్రం మీద గాలి బరువు తగ్గుతుంది. రేడియోలో చెప్పే అల్పపీడనం అదే. బరువు తగ్గిన చోటికి నలువైపులనుంచీ గాలి పరుగెత్తి వస్తుంది. వచ్చే దారిలో అది సముద్రాన్ని రాసుకుంటూ మరింత ఆవిరిని మోసుకొస్తుంది. తడిబట్ట గాలి ఉన్న రోజు త్వరగా ఆరినట్టే, గాలి జోరు పెరిగినకొద్దీ సముద్రం నుంచి ఆవిరీ ఎక్కువ లేస్తుంది. ఆవిరి పెరిగితే వేడి, వేడి పెరిగితే అల్పపీడనం, అది పెరిగితే గాలి, గాలి పెరిగితే మళ్ళీ ఆవిరి. తన పొయ్యిలో కట్టెలు తానే ఎగదోసుకునే యంత్రం ఇది.

అలాగైతే ఎండాకాలమంతా రోజుకొక తుపాను రావాలి కదా? రాదు. దానికి చాలా కుదరాలి. సముద్రం పైపొర దాదాపు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలి. ఆ వేడి పైపైన ఉంటే చాలదు, యాభై మీటర్ల లోతు వరకూ ఉండాలి. లేకపోతే తుపాను గాలికి సముద్రం కలగబడి అడుగునున్న చల్లనీళ్ళు పైకొచ్చి పొయ్యి ఆరిపోతుంది. మన బంగాళాఖాతానికి ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇంత మంచినీటిని తెచ్చి పోస్తాయి. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక కనుక పైన పొరలా నిలుస్తుంది. ఆ పొర త్వరగా వేడెక్కుతుంది, అడుగు నీటితో అంత సులువుగా కలవదు.

భూమధ్యరేఖకు ఇటు అటు అయిదు డిగ్రీల లోపు కూడా తుపాను పుట్టడం చాలా అరుదు. భూమి తిరగడం వల్ల, కదిలే గాలి ఉత్తరార్ధగోళంలో కొంచెం కుడివైపుకు ఒరుగుతుంది. దీన్ని కొరియాలిస్ ప్రభావం అంటారు. అల్పపీడనం వైపు నేరుగా వెళ్ళాల్సిన గాలి ఇలా ఒరగడం వల్లే దాని చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. మన వైపు తుపానులన్నీ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి, ఆస్ట్రేలియా వైపువి ముల్లుతోపాటు తిరుగుతాయి. భూమధ్యరేఖ దగ్గర ఈ ఒరిపిడి ఉండదు. గాలి నేరుగా వచ్చి గుంట పూడ్చేస్తుంది.

ఇంకొకటి, కింది గాలీ పై గాలీ దాదాపు ఒకే తీరుగా ఉండాలి. కింద ఒక వైపు, పైన ఇంకో వైపు జోరుగా వీస్తుంటే మబ్బుల స్తంభం ఒరిగిపోయి, ఒక చోట పోగుపడాల్సిన వేడి చెదిరిపోతుంది. జూలై, ఆగస్టుల్లో సముద్రం వెచ్చగానే ఉన్నా పెద్ద తుపానులు రానిది ఇందుకే. ఆ నెలల్లో కింద నైరుతి గాలులు, పైన తూర్పు గాలులు గట్టిగా వీస్తాయి. అందుకే మన తుపానులు ఎక్కువగా ఆ రుతుపవనాలకు ముందు మే నెలలో, తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వస్తాయి.

ఇక కన్ను సంగతి. గ్రౌండులో చేతులు చాపి గిర్రున తిరుగుతూ చేతులు దగ్గరికి ముడిచి చూడండి, ఇంకా వేగంగా తిరుగుతారు. తుపానులోకి వచ్చే గాలి కూడా కేంద్రానికి దగ్గరైనకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఒక హద్దు దాటాక, తిరుగుడు జోరు వల్ల అది ఇక లోపలికి పోలేదు. అక్కడే గోడ కట్టినట్టు పైకి లేస్తుంది. తుపాను మొత్తంలో గాలి, వాన రెండూ భయంకరంగా ఉండేది ఈ గోడ దగ్గరే. గోడ లోపల మిగిలిన ఖాళీలో గాలి మెల్లగా పైనుంచి కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కి మబ్బును కరిగిస్తుంది. అదే కన్ను. సాధారణంగా ముప్పై నుంచి అరవై కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. తుపాను గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల చొప్పున నడుస్తుంది కనుక కన్ను మన మీదుగా పోవడానికి అరగంట నుంచి రెండు మూడు గంటలు పట్టవచ్చు. ఆ తర్వాత గోడ రెండో వైపు వస్తుంది. గాలి గుండ్రంగా తిరుగుతోంది కాబట్టి రెండో వైపు గాలి ఎదురు దిక్కునుంచే వస్తుంది. హుద్‌హుద్ రోజు ఉదయం ఈశాన్యం నుంచి కొట్టిన గాలి మధ్యాహ్నం నైరుతి నుంచి కొట్టింది. నేల నాని, వేళ్ళు ఒక వైపు వదులైన చెట్లకు రెండో దెబ్బ తట్టుకునే శక్తి ఉండదు. మా వేపచెట్టు అలాగే పడింది.

గాలి లెక్క కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలికి నిలిచిన రేకు 180కి నిలవకపోవడంలో వింత లేదు. హుద్‌హుద్ గాలి దాదాపు 180. విశాఖలోని రాడార్ కూడా దెబ్బతింది. మన రేకులెంత!

వార్తల్లో వినే మాటలన్నీ ఈ వేగాన్నిబట్టి పెట్టినవే. గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. 222 చేరితే సూపర్ సైక్లోన్. రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు వేరు, అవి ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. పదో నంబరు అంటే తీవ్ర తుపాను ఆ రేవు మీదుగానో చాలా దగ్గరగానో దాటబోతోందని. పదకొండో నంబరు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. పేర్లు మన వైపు 2004 నుంచి పెడుతున్నారు. హుద్‌హుద్ పేరు ఒమన్ దేశం ఇచ్చింది, తలమీద కుచ్చున్న ఒక పక్షి పేరు అది. అట్లాంటిక్‌లో హరికేన్ అన్నా, చైనా, జపాన్ల వైపు టైఫూన్ అన్నా వస్తువు ఒకటే. అన్నిటికీ ఇంధనం ఆవిరే.

టోర్నడో మాత్రం వీటికి చుట్టం కాదు. అది నేలమీద ఉరుముల మబ్బుకు పుడుతుంది. అమెరికా మధ్య మైదానాల్లో, గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తడి వేడిగాలి మీదికి పొడి చల్లగాలి ఎక్కినప్పుడు ఇవి ఎక్కువ. కింది గాలికీ పై గాలికీ తేడా ఉంటే తుపాను చెదిరిపోతుందన్నాం కదా? టోర్నడోకు ఆ తేడానే ప్రాణం. రెండు అరచేతుల మధ్య పెన్సిలు దొర్లినట్టు, ఆ తేడా వల్ల గాలి అడ్డంగా దొర్లుతుంది. మబ్బులోకి లేచే గాలి దాన్ని నిలువుగా ఎత్తుతుంది. ఆ తిరుగుడు సన్నబడి నేలను తాకితే టోర్నడో. తుపాను వందల కిలోమీటర్ల వెడల్పుతో రోజుల తరబడి బతుకుతుంది. టోర్నడో వెడల్పు సాధారణంగా కొన్ని వందల మీటర్లు, బతికేది నిమిషాలు. ఆ నిమిషాల్లోనే గాలి 300 కిలోమీటర్లు దాటవచ్చు. మన పక్కనే బంగ్లాదేశ్‌లో 1989 ఏప్రిల్ 26న వచ్చిన టోర్నడోలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండాకాలం మన గ్రౌండులో చిత్తుకాగితాలు తిప్పుకుంటూ పోయే సుడిగాలి ఉందే, అందులోకి పందెం కట్టి మరీ దూరేవాళ్ళం, అది టోర్నడో కాదు. దానికి పైన మబ్బు ఉండదు, కాలిన నేల వేడికి లేచేదంతే.

ఇంతవరకూ గాలి గురించే చెప్పాం. కానీ మన తీరంలో గాలి కంటే ఎక్కువమందిని చంపింది నీరు. 1864 నవంబరులో మచిలీపట్నంలో సుమారు ముప్పై వేలమందిని ముంచింది ఉప్పెనే. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెనలో పది వేలకు పైగా పోయారు. సొర్లగొంది, హంసలదీవి వంటి ఊళ్ళ పేర్లు ఆ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి పలుకుతారు. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఆ తుపాను కేంద్రం తీరం దాటింది దివిసీమలో కాదు, అక్కడికి పడమరగా చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో. మరి సముద్రం దివిసీమ మీదికి ఎందుకు ఎక్కింది?

తుపానుకు కుడి ఎడమలు ఉన్నాయి. అది నడిచే దిక్కుకు ముఖం పెట్టి నిలబడ్డామనుకోండి. గాలి ఎడమకు తిరుగుతోంది కాబట్టి కుడివైపు గాలి సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది, ఎడమవైపు నేలనుంచి సముద్రంలోకి వీస్తుంది. పైగా కుడివైపు తిరిగే గాలికి తుపాను నడక వేగం కూడా తోడవుతుంది. దివిసీమ కుడివైపున పడింది. అల్పపీడనం వల్ల సముద్రం ఉబ్బేది కొంచెమే. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు ఒక సెంటీమీటరు లేస్తుంది. 60 మిల్లీబార్లు తగ్గినా అరవై సెంటీమీటర్లే. మిగతాదంతా గాలి నెట్టుకొచ్చిన నీరు. లోతైన సముద్రంలో అలా నెట్టిన నీరు అడుగునుంచి వెనక్కి జారిపోతుంది. లోతు తక్కువైతే పోవడానికి చోటు లేక పైకి లేచి నేలమీదికి ఎక్కుతుంది. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో దివిసీమ ముందు సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. అక్కడ నీరు అయిదు మీటర్ల వరకు లేచింది. విశాఖ దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది. హుద్‌హుద్ గాలి అంత ఉన్నా ఇక్కడ లేచిన నీరు ఒకటిన్నర మీటరుకు లోపే. ఆ రోజు మేము బతికి బయటపడ్డామంటే తాత కర్రతో పాటు విశాఖ సముద్రపు లోతుకూ కొంత రుణపడి ఉన్నాం.

కానీ సముద్రపు అడుగును మనం మార్చలేం. మార్చగలిగింది ఇంకోటి ఉంది. ఒడిశాలో 1999 అక్టోబరు 29న పారదీప్ దగ్గర దాటిన సూపర్ సైక్లోన్‌లో దాదాపు పది వేలమంది చనిపోయారు. అదే రాష్ట్రంలో 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ దాటింది. అదీ చిన్నదేమీ కాదు. ఈసారి దాదాపు పది లక్షలమందిని ముందే ఖాళీ చేయించారు, మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఉపగ్రహం, రాడార్, తుపాను షెల్టర్లు, అన్నిటికీ మించి చెప్పగానే జనం కదలడం. దివిసీమ తర్వాతే మన తీరంలో షెల్టర్లు వరసగా కట్టారు. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను పరిమాణంలో చిన్నదైనా వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. వాళ్ళలో చాలామంది వేటకు వెళ్ళి సముద్రం మీద ఉన్నవాళ్ళు. ఇంట్లో ఉన్నవాళ్ళకు చేరే హెచ్చరిక పడవకు చేరకపోతే ఏమవుతుందో ఆ తుపాను చూపించింది.

నేల ఎక్కాక తుపానుకు ఆవిరి అందదు, క్రమంగా నీరసిస్తుంది. అయితే అప్పటికే మోసుకొచ్చిన తడి ఎక్కడో ఒక చోట కురవాల్సిందే. హుద్‌హుద్ మిగులు రెండు రోజుల తర్వాత, అక్టోబరు 14న, నేపాల్‌లో అన్నపూర్ణ కొండల మీద మంచుతుపానుగా కురిసి నలభైమందికి పైగా ప్రాణాలు తీసింది. మన సముద్రంలో లేచిన ఆవిరే అది. సముద్రాలు వేడెక్కుతున్న ఈ కాలంలో గాలి మోసే తడి కూడా పెరుగుతోంది, ఒక డిగ్రీ పెరిగితే గాలి దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. తుపానుల సంఖ్య పెరగకపోయినా వచ్చినవాటిలో బలమైనవి ఎక్కువ కావచ్చని శాస్త్రవేత్తలు అంటున్నది అందుకే.

చివరగా తాత చెయ్యి సంగతి. పీజీలో చేరాక ఒక పాఠంలో బైస్ బాలట్ నియమం అని వచ్చింది. బైస్ బాలట్ హాలండు దేశపు శాస్త్రవేత్త, 1857లో దీన్ని ప్రకటించాడు. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం మన ఎడమ చేతి వైపు ఉంటుంది. క్లాసులో అది వినగానే మాకు మన హాస్టల్ వరండా కళ్ళముందు కదిలింది. పొద్దున ఈశాన్యం గాలికి వీపు పెడితే ఎడమ చెయ్యి ఆగ్నేయానికి, అంటే సముద్రానికి వెళ్తుంది. తుపాను ఇంకా రాలేదన్నమాట. మధ్యాహ్నం నైరుతి గాలికి వీపు పెడితే అదే చెయ్యి వాయవ్యానికి, కొండల వైపు వెళ్తుంది. దాటిపోయిందన్నమాట. సాయంత్రం తలుపులు తీశాక తాత మళ్ళీ అలాగే నిలబడి ఎడమ చెయ్యి చాపాడు. ఈసారి అది కొండల వైపుంది. అప్పుడు గానీ మమ్మల్ని బయటికి వదల్లేదు.